ఋణపత్రము వెనుకనున్న చేతులు

మైపాటి సముద్రతీరమున తెల్లవారుజామున నిలిచి చూచినవారికి ఈ దృశ్యము పరిచితమే. వేటకు పోయిన పడవలు ఒకటొకటిగా ఒడ్డు చేరును. వలలు దులిపి, చేపలను రకములవారీగా వేరుచేయుదురు. వేలముపాట ముగియగానే గంపలు చేతులు మారును. మంచు పరచిన పెట్టెలలో చేపలను సర్ది, చిన్న సరకుబండ్ల కెక్కించి నెల్లూరి దారి పట్టింతురు. దూరము ఇంచుమించు 25 కిలోమీటర్లు. ఎండ ముదురక మునుపే సరకు పట్టణము చేరవలెను. ఆలస్యమైనచో ధర పడిపోవును.

ఆ పడవల ఇంజనులు, ఆ సరకుబండ్లు, ప్రక్క పొలములను దున్ను ట్రాక్టర్లు, రొయ్యల చెరువులలో నీటిని చిలుకు ఏరియేటర్లు, వీనిలో ననేకము వెల పూర్తిగా చెల్లించి కొన్నవి కావు. కొంత సొమ్ము కొనువాడు పెట్టుకొనగా, మిగిలినది ఒక బ్యాంకో ఒక ఫైనాన్సు కంపెనీయో ఇచ్చియుండును. ఆ బాకీ వాయిదాలమీద తీరుచుండును. ఈ వ్యాపారమున మన కంటికి కనబడువారు ఇద్దరే: వస్తువును చూపి మాటలాడి అమ్మువాడు, సంతకము చేసి కొనువాడు. వీరిద్దరి నడుమ, ఆఫీసులో బల్ల వెనుక కూర్చుండి కాగితములు చదువువారు మరికొందరు కలరు. ఆఫీసు వ్యవహారమున వీరిని ‘సేల్సు సపోర్టు’ వారందురు. వీరు ఎవరికిని బండి నమ్మరు. ఎవరి యింటికిని వసూలునకు పోరు. అయినను ఒక కుటుంబమునకు వచ్చిన బండి ఆ కుటుంబమున నిలుచునా, చేజారునా యన్నది చాలవరకు వీరి జాగరూకతపై ఆధారపడియుండును. మన విద్యార్థులలో కొందరు రేపు ఆ బల్ల వెనుక కూర్చుండవచ్చును. మరికొందరు ఆ బల్ల ముందు నిలువవచ్చును. ఉభయులకును ఆ పని తెలిసియుండుట మేలు.

మొదట ఈ ఋణముయొక్క స్వభావమును తెలిసికొందము. బంగారు నగను కుదువబెట్టినచో నగ ఋణదాత పెట్టెలోనికి పోవును. బాకీ తీరువరకు దానిని మనము ధరింపజాలము. బండిని అట్లు తాళము వేసి యుంచినచో ఎవరికిని ప్రయోజనము లేదు. బండి తిరిగిననే సంపాదన. సంపాదన యున్ననే వాయిదా. కాబట్టి వస్తువు అప్పుకొన్నవాని చేతిలోనే యుండును. దానిపై హక్కు మాత్రము ఋణదాతకు వ్రాసియిత్తురు. దీనికి హైపాథికేషను అని పేరు. హైరు పర్చేజు అనునది మరియొక పద్ధతి. ఇందు కడపటి వాయిదా చెల్లువరకు వస్తువు ఋణదాతదే. కొనువాడు దానిని అద్దెకు తీసికొన్నవాని వంటివాడు. ఏ పద్ధతియైనను ఋణదాత చేతిలో నున్నది వస్తువు కాదు, కాగితము. ఆ కాగితమున తప్పున్నచో ఇరువురికిని ముప్పే.

పూర్వము గ్రామమున అప్పిచ్చువానికి అప్పుకొనువాడు ముఖపరిచితుడు. వాని తండ్రిని, పొలమును, గుణమును ఎరిగియే సొమ్మిచ్చెడివాడు. వడ్డీ మాత్రము తన యిష్టము. చెన్నపురి రాజధానిలో ఈ బాధను పరిశీలించి సర్ ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారి 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదికను సమర్పించెను. జర్మనీ దేశమున రైఫైజెన్ నెలకొల్పిన గ్రామ పరపతి సంఘములవంటివి ఇచ్చటను ఏర్పడవలెనని ఆయన అభిప్రాయము. ఒకరినొకరు ఎరిగిన గ్రామస్థులే కలిసి పూచీపడినచో వడ్డీ తగ్గునని అందలి సూత్రము. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఈ నికల్సనే తరువాత చెన్నపురి రాజధాని మత్స్యశాఖకు పునాది వేసెననుట మన తీరవాసులు గుర్తుంచుకొనదగిన సంగతి.

ఇక యంత్రములను వాయిదాలమీద అమ్ముట వేరొక దారిని వచ్చినది. అమెరికాలో సింగర్ కంపెనీవారు 1850 తరువాతి దశాబ్దమున కుట్టుయంత్రములను ఈ రీతిగా అమ్మి వేలకొలది యిండ్లకు చేర్చిరి. మన దక్షిణదేశమున టి. ఎస్. సంతానం గారు 1954లో చెన్నపట్టణమున సుందరం ఫైనాన్సును స్థాపించి లారీలు, బస్సులు కొనువారికి ఋణము లొసగిరి. 1979లో అదే పట్టణమున ఏర్పడిన శ్రీరాం ట్రాన్స్‌పోర్టు ఫైనాన్సు, పాత లారీ కొని తానే యజమాని కావలెనని కోరు డ్రైవర్లకు అప్పులిచ్చుటలో పేరుపడెను. ఇట్లు ఋణదాత యొక ఊరను, ఋణగ్రహీత వేరొక ఊరను ఉండు కాలము వచ్చెను. ముఖపరిచయము పోయి కాగితపు పరిచయము వచ్చెను. ఆ కాగితపు పరిచయమును నిజమైన పరిచయముగా చేయుటయే తెరవెనుకవారి పని. ఇది ఎట్లు జరుగునో చూతము.

మైపాటి యువకుడొకడు చేపలు తోలుటకై చిన్న సరకుబండి కొనదలచె ననుకొందము. అతడు నెల్లూరికి పోయి బండి చూచును. అమ్మువారు బండివెల, భీమా, రిజిస్ట్రేషను ఖర్చులు చూపుచు కొటేషను వ్రాసియిత్తురు. ఫైనాన్సు కంపెనీ ప్రతినిధి అచ్చటనే దరఖాస్తు పూర్తిచేయించును. ఇంతవరకు అందరికిని కనబడునదే. దరఖాస్తు ఆఫీసు చేరినది మొదలు కనబడని పని ఆరంభమగును.

మొదటి పని పేరు చూచుట. ఇది సులభమని తోచును గాని కాదు. మన తెలుగువారి పేళ్లలో ఇంటిపేరు ఒక కాగితమున ముందుండును, మరొకదాన వెనుక నుండును, వేరొకదాన పొడియక్షరమై మిగులును. ఒకే పేరును ఇంగ్లీషులో నాలుగు విధములుగా వ్రాయుదురు. ఆధార్ కార్డులోని మనిషియు, పాన్ కార్డులోని మనిషియు, బ్యాంకు పుస్తకములోని మనిషియు ఒక్కడేయని బల్ల వెనుకనున్నవారు నిశ్చయింపవలెను. పిమ్మట అతని పూర్వపు ఋణముల చరిత్ర చూతురు. మన దేశమున ఈ చరిత్రలను భద్రపరచుటకై 2000లో సిబిల్ సంస్థ ఏర్పడినది. ఇట్టి సంస్థలను క్రమబద్ధము చేయు చట్టము 2005లో వచ్చినది. ఒక ఊరిలో ఒకే పేరుగలవారు పలువురుందురు. ఒకని బాకీ మరియొకని లెక్కలో పడినచో నిర్దోషికి అప్పు పుట్టదు. పుట్టినతేదీని, తండ్రి పేరును ఓపికతో పోల్చిచూచు గుమాస్తాయే ఆ అన్యాయమును ఆపగలడు.

రెండవది రాబడి విచారణ. ఉద్యోగికి జీతపు చీటి కలదు. చేపలు తోలువానికి ఏమున్నది? విచారణకు పోయినవాడు ఇల్లు చూచి, ఇరుగుపొరుగును అడిగి, దినమునకెన్ని పెట్టెలు తోలును, బాడుగ యెంత వచ్చును, నూనె ఖర్చెంత యని వ్రాసికొని వచ్చును. ఆ వ్రాతను చదువునప్పుడు మన తీరపు జీవితము తెలిసినవానికిని తెలియనివానికిని ఎంత భేదమో గమనింపుడు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, ఇంజను పడవల వేటను ప్రభుత్వమువారు నిలిపివేయుదురు. ఆ రెండు నెలలు తీరమునుండి తోలు సరకు చాలవరకు తగ్గిపోవును. ఏడాది పొడవున సమానమైన వాయిదాలు కట్టవలెనని లెక్కవేసినవాడు కాగితమున సరిగనే వేసెను. అయినను మే నెలలో ఆ వాయిదా చెల్లదు. ‘నాయనా, వేట నిలిచిన రెండు నెలలు నీకు రాబడి యెక్కడిది?’ అని ముందుగానే అడిగినవాడు వాయిదాలను కాలమునకు తగినట్లు ఏర్పరచుటకు పైవారికి వ్రాయగలడు, లేదా తక్కువ ఋణము చాలునని చెప్పగలడు. ట్రాక్టర్ల విషయమున పంటచేతికి వచ్చు నెలలలో వాయిదాలు పెట్టు ఆచారము ఈ వివేకమునుండి పుట్టినదే. ఆ ఒక్క ప్రశ్న అడుగకపోవుటచేత మంచి పనివాడు మొండి బాకీదారుగా లెక్కకెక్కును.

మూడవది వడ్డీలెక్క. ఇది మన విద్యార్థులు పలకమీద చేసి చూడదగినది. లక్షరూపాయల ఋణము, ఒక సంవత్సరము, నూటికి 12 వడ్డీ యని చెప్పిరనుకొనుడు. మొత్తము లక్షమీద ఏడాది వడ్డీ 12,000 కలిపి, 1,12,000 రూపాయలను పండ్రెండు భాగములు చేసి, నెలకు సుమారు 9,333 చొప్పున కట్టుమందురు. దీనిని ఫ్లాటు వడ్డీ యందురు. వినుటకు 12 మాత్రమే. కాని మీ చేతిలో లక్షయు ఏడాది పొడవున నిలిచియున్నదా? మొదటి నెల తరువాత కొంత అసలు తీరినది. రెండవ నెల తరువాత మరికొంత. అసలు నెలకు పండ్రెండవ వంతు తగ్గుచున్నదని స్థూలముగా లెక్కించినచో, సగటున మీయొద్ద నున్న సొమ్ము 54,167 రూపాయలే. ఆ సొమ్ముమీద 12,000 వడ్డీయనగా నూటికి ఇంచుమించు 22! పండ్రెండని విన్నవాడు ఇరువదిరెండు చెల్లించుచున్నాడు. అబద్ధము చెప్పినవారు లేరు; అర్థమగునట్లు చెప్పినవారును లేరు.

ఈ చిక్కును తొలగించుటకై రిజర్వు బ్యాంకు ఒక నియమము చేసినది. 2024 అక్టోబరు 1 మొదలు మంజూరగు చిల్లర ఋణములకును, చిన్న పరిశ్రమల ఋణములకును, ముఖ్యాంశముల పత్రము నొకదానిని ఋణగ్రహీతకు ముందుగా ఈయవలెను. అందు వడ్డీయు ఇతర ఖర్చులును కలిపి ఏడాదికి నిజముగా నూటి కెంత పడునో చూపవలెను. ఆ పత్రమున అంకెలు సరిగా నింపుటయు, దానిని అర్థమగు భాషలో వివరించుటయు తెరవెనుకవారి బాధ్యతయే. ఋణగ్రహీతకు తెలిసిన భాషలోనే ఉత్తరప్రత్యుత్తరములు జరుపవలెనని ఫైనాన్సు కంపెనీలకు విధించిన నియమావళిలో కలదు. కావున ‘తెలుగులో చెప్పుడు’ అని అడుగుట యాచన కాదు, హక్కు.

నాలుగవది ఒప్పందము. పుటలు పెక్కు, అక్షరములు సన్నము, అమ్మువానికి తొందర, కొనువానికి సంతోషము. ఈ నాలుగును కలిసినచోట ఖాళీ కాగితములమీద సంతకములు పడుచుండును. మంచి గుమాస్తా యేమి చేయును? ఖాళీ విడిచిన గడి యున్న పత్రమును త్రిప్పిపంపును. వాయిదా మొత్తము, తేదీ, ఆలస్యపు రుసుము, భీమా ఖర్చు అన్నియు నిండిన తరువాతనే సంతకము తీసికొమ్మనును. నింపిన ప్రతి నొకదానిని ఋణగ్రహీత చేతికిచ్చిరాయని అడుగును. నెల చివరి దినములలో ఈ పని యెంత కష్టమో చెప్పవలసినదే. అమ్మువారికి నెలకిన్ని బండ్లని లెక్క కలదు. ముప్పదవ తేదీ సాయంకాలము ఇరువది దరఖాస్తులు ఒక్కమారు బల్లమీద పడును. ‘ఈ ఒక్కటి విడువుడు, కాగితము రేపు తెచ్చెదము’ అని ఒత్తిడి చేయుదురు. ఆ వేళ ‘కాగితము వచ్చిన తరువాత విడిచెదను’ అని మర్యాదగా పలుకగలవాడు అప్పటికి అందరికిని విరోధివలె తోచును. ఏడాది తరువాత అతడే కంపెనీకిని కొనువానికిని మిత్రుడని తేలును.

ఐదవది సొమ్ము విడుదల. ఈ ఋణపు సొమ్ము సామాన్యముగా అప్పుకొన్నవాని చేతికి రాదు. బండి నమ్మినవారికి నేరుగా పోవును. కొనువాడు తన వంతు సొమ్ము కట్టెనని రసీదు చూచి, బండి అప్పగింపుమని డెలివరీ ఆర్డరు పంపుదురు. ఇచ్చట ఛాసిస్ నెంబరును పోల్చుట ముఖ్యము. నేటి మోటారుబండ్లకు ఈ గుర్తు 17 అక్షరములు, అంకెలు కలిసినది. ఇందు ఇంగ్లీషు అక్షరములలో ఐ, ఓ, క్యూ అను మూడింటిని వాడరు. ఒకటి, సున్న అను అంకెలతో పొరబడుదురని భయము. లోకమంతయు కూడి ఒక అక్షరపు పొరబాటును తప్పించుటకు ఇంత జాగ్రత్త పడినది! అయినను చేతివ్రాత గజిబిజియైన చోట మూడు ఎనిమిదగును, ఒకటి ఏడగును. అంతట ఋణము ఒక బండిమీద, భీమా వేరొక బండిమీద నున్నట్లు కాగితము పలుకును. ప్రమాదము జరిగిన దినమున గాని ఆ తప్పు బయటపడదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లగును.

ఆ పిమ్మట రవాణాశాఖ పని. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 51వ సెక్షను ప్రకారము ఋణదాత హక్కు రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడవలెను. కొత్తబండికైన రిజిస్ట్రేషను దరఖాస్తులోనే తెలుపుదురు; ముందే రిజిస్టరైన బండికి 34వ ఫారము కలదు. ఈ వ్రాత యున్నంతకాలము ఋణదాత సమ్మతి లేక బండిని మరియొకరి పేరునకు మార్చుటకు వీలులేదు. భీమాపత్రమునందును ఋణదాత పేరు చేర్తురు. బండి పూర్తిగా నశించినచో భీమాసొమ్ములో మొదట బాకీ తీరును; మిగిలినది యజమానికి వచ్చును.

వాయిదాలు తప్పిన సంగతియు చెప్పవలెను. అప్పుడు బండిని స్వాధీనము చేసికొను హక్కు ఒప్పందమున ఋణదాతకు వ్రాయబడియుండును. కాని ఆ హక్కునకు హద్దు కలదు. బలవంతులను పంపి దౌర్జన్యముగా బండ్లు లాగుకొనిపోవు పద్ధతిని సర్వోన్నత న్యాయస్థానము 2007లో తీవ్రముగా గర్హించినది. వసూలు చట్టప్రకారమే జరుగవలెనని తెలిపినది. నోటీసు పోయెనా, చేరెనా, కట్టిన సొమ్ము లెక్కకెక్కెనా యని చూచువారు మరల ఈ బల్ల వెనుకవారే. కట్టిన వాయిదాకు రసీదు వ్రాయుట మరచినచో, కట్టినవాని గుమ్మమున వసూలుదారు నిలుచును. ఆ యింటివారి అవమానమునకు ఏ వడ్డీయు పరిహారము కాదు.

కడపటిది, తరచుగ మరువబడునది, ఋణము ముగింపు. ఆఖరి వాయిదా కట్టి, ‘హమ్మయ్య’ యని యిల్లు చేరుదురు. రిజిస్ట్రేషను పత్రమున ఋణదాత పేరు అట్లే నిలిచియుండును. ఏండ్లు గడచిన పిదప బిడ్డ చదువునకో పెండ్లికో బండి నమ్మబోయినపుడు, పేరు మారదందురు. అప్పటికి కంపెనీ శాఖ వేరొక వీధికి పోయియుండవచ్చును, కాగితములు ఎక్కడనో అటకమీద నుండవచ్చును. కావున బాకీ తీరిన వెంటనే ఋణదాతయొద్ద నిరభ్యంతర పత్రమును, ఉభయులు సంతకము చేయవలసిన 35వ ఫారమును పుచ్చుకొని రవాణాశాఖలో ఆ పేరు కొట్టివేయించుకొనవలెను. అడుగక మునుపే ఆ పత్రములను సిద్ధముచేసి కబురంపు ఆఫీసు నిజముగా మంచి ఆఫీసు. కొత్త ఋణమిచ్చుటకు చూపు ఉత్సాహము పాత ఋణమును ముగించుటకు చూపుట అరుదు. చూపినచోట నమ్మకము పుట్టును.

ఇదంతయు చదివి, అప్పు మంచిదా చెడ్డదా యని కొందరడుగవచ్చును. అప్పు చేసి పప్పుకూడు తినుట వేరు, అప్పు చేసి పనిముట్టు కొనుట వేరు. పనిముట్టు తన వెలను తానే సంపాదించి తీర్పగలదు. అది తీర్చునా లేదా యన్నది సముద్రముమీదను, గాలివానమీదను కొంత ఆధారపడును. వానిని మనము శాసింపజాలము. కాగితముమీద ఆధారపడు భాగము మాత్రము మన చేతిలోనిదే.

విద్యార్థులారా! చేతివ్రాత తీరుగా నుండవలెననియు, లెక్క చేసిన పిదప సరిచూచుకొనవలెననియు, ప్రశ్నను పూర్తిగా చదివి జవాబు వ్రాయవలెననియు మీ ఉపాధ్యాయులు దినదినము చెప్పుట మీకు విసుగు పుట్టించియుండవచ్చును. ఆ బల్ల వెనుక కూర్చున్నవాని విద్య అంతయు ఈ మూడే. నేడు కాగితమునకు బదులు కంప్యూటరు తెర వచ్చినది. అయినను తప్పు అంకె తెరమీద వ్రాసినను తప్పే. ఇక మీ తల్లిదండ్రులు ఏ ఋణపత్రముమీదనైన సంతకము చేయబోవునపుడు మీరు ప్రక్కన కూర్చుండి నాలుగు సంగతులు చదివి వినిపింపుడు: నిజముగా నూటికెంత వడ్డీ, వాయిదా యే తేదీన, ఖాళీగడులు మిగిలెనా, మన ప్రతి మనకిచ్చిరా. చదువుకొన్న బిడ్డ యింటికి చేయగల మొదటి యుపకారము ఇదియే.

రేపు తెల్లవారుజామున మైపాటి దారిని చేపలబండి పోవుట చూచినపుడు, దానిని తోలువాని కష్టమును తలంతురు గదా! ఆ బండి అతని పేర నిలుచుటకై, ఏ ముప్పదవ తేదీ రాత్రియో దీపముక్రింద కూర్చుండి పదునేడు అక్షరములను ఒక్కొక్కటిగా సరిచూచిన ఆ పేరెరుగని గుమాస్తాను గూడ ఒక్క క్షణము తలంపుడు.